ఎడమ ఊపిరితిత్తి ఒక్కటే తెల్లబడింది, పీప్ పెంచితే ఆక్సిజన్ ఇంకా పడిపోతోంది

ఎల్బీనగర్_ఐసీయూ | మంగళవారం రాత్రి 11:20
34 ఏళ్ల మనిషి. బైకు డివైడరుకు గుద్దుకుని ఎడమ పక్క మీద పడ్డాడు. దెబ్బ తగిలి 28 గంటలైంది. ఎడమవైపు 3 నుంచి 8 దాకా పక్కటెముకలు విరిగాయి, 4, 5, 6 రెండేసి చోట్ల. తల, కడుపు, వెన్ను సీటీలో బాగానే ఉన్నాయి. వచ్చినప్పుడు ఎక్స్‌రేలో పెద్దగా ఏమీ లేదు. ఇప్పుడు ఎడమ మొత్తం తెల్లగా ఉంది, కుడి శుభ్రంగా ఉంది. ఐసీడీ (ఛాతీలోంచి రక్తం, గాలి బయటికి తీసే గొట్టం) 28 ఫ్రెంచ్ (గొట్టం లావు కొలత). ఇప్పటిదాకా 600 మి.లీ. రక్తం వచ్చింది, ఇప్పుడు గంటకు 20.

ఎత్తు 172 సెం.మీ. వెంటిలేటర్ మీద టైడల్ (ఒక్కో శ్వాసకు పోయే గాలి) 410 మి.లీ., రేటు 24, ఆక్సిజన్ 100 శాతం. పీప్ (ఊపిరి వదిలాక కూడా ఊపిరితిత్తుల్లో నిలిపే ఒత్తిడి) 8 మీద పీఓ2 (రక్తంలో ఆక్సిజన్) 71, ప్లాటో (ఊపిరి నిండాక ఊపిరితిత్తుల్లో ఒత్తిడి) 24 ఉండేవి. పీప్ 14 చేస్తే పీఓ2 58కి పడింది, ప్లాటో 33 అయింది, పై బీపీ 118 నుంచి 92కి దిగింది. ఏఆర్‌డీఎస్ (ఊపిరితిత్తులు వాచి గట్టిపడే జబ్బు) పట్టిక ప్రకారం పీప్ ఇంకా పెంచాలి. పెంచితే మనిషి దిగజారుతున్నాడు. ఎక్మో (రక్తాన్ని బయటికి తీసి ఆక్సిజన్ ఎక్కించే మెషీన్) మా దగ్గర లేదు, ఉన్నచోటికి 45 నిమిషాల దారి. ఇప్పుడు ఏం చెయ్యాలి?

నాంపల్లి_రాత్రిడ్యూటీ | 11:26
పీప్ మళ్ల 8కి దించుండ్రి ముందుగాల. మిగిలిన ముచ్చట తర్వాత.

పంజాగుట్ట_క్రిటికల్ | 11:38
పైన చెప్పింది నిజం. కారణం కూడా తెలియాలి, లేకపోతే రేపు పొద్దున డ్యూటీ మారాక ఇంకెవరో మళ్లీ పెంచేస్తారు.

ఆ పట్టిక రెండు ఊపిరితిత్తులూ దాదాపు ఒకేలా పాడైన వాళ్ల కోసం. ఇక్కడ ఒకటి మెత్తగా సాగుతుంది, ఇంకోటి నెత్తుటితో నానిన స్పాంజిలా గట్టిపడింది. గాలి సులువైన దారే వెతుక్కుంటుంది. మీరిచ్చే 410లో మూడొంతుల పైన కుడివైపే పోతూ ఉంటుంది. పీప్ 14 కూడా ఎడమను తెరవడం మానేసి కుడిని అతిగా ఉబ్బిస్తోంది. ఉబ్బిన గాలితిత్తుల మధ్య సన్నటి రక్తనాళాలు నలిగిపోతాయి, అక్కడ పోవాల్సిన రక్తం గాలి ఆడని ఎడమవైపు మళ్లుతుంది. షంట్ (ఆక్సిజన్ అందకుండానే రక్తం దాటిపోవడం) పెరుగుతుంది, పీఓ2 పడుతుంది. గుండెకు తిరిగొచ్చే రక్తం తగ్గి బీపీ కూడా పడుతుంది. 6 పెంచితే ప్లాటో 9 పెరిగిందంటే ఉబ్బుతోందనే అర్థం.

అయినా ఇదే కారణమని ఖాయం చేసుకునే ముందు అల్ట్రాసౌండ్ తీసుకుని కుడివైపు ఊపిరితిత్తి కదులుతోందా, గుండె చుట్టూ రక్తం ఉందా అని రెండు నిమిషాలు చూడండి. పీప్ పెంచగానే బీపీ పడింది కాబట్టి కుడివైపు న్యూమోథొరాక్స్ (ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం) లేదని చూసి తేల్చుకుని రాసి పెట్టాలి.

నాంపల్లి_రాత్రిడ్యూటీ | 11:41
చూసినంక కుడి పక్కకు పండబెట్టుండ్రి. మంచి ఊపిరితిత్తి కిందికి. రక్తం బరువుకు కిందికే పోతది, గాలి ఆడేది గూడ ఆడనే. 20 నిమిషాలకు ఏబీజీ (ధమని రక్తంల వాయువుల పరీక్ష) తీసి ఇక్కడ పెట్టుండ్రి.

బేగంపేట_బ్రాంకో | 11:44
ఆగండి. శ్వాస ట్యూబులోంచి తాజా రక్తం వస్తోందా? వస్తుంటే కుడికి తిప్పగానే ఎడమలో రక్తమంతా దిగి బాగున్న కుడిని ముంచుతుంది. రక్తం కారుతుంటే దెబ్బతిన్న పక్కే కిందికి ఉండాలి. కారడం లేదంటే మంచి పక్క కిందికి. ఈ తేడా తెలుసుకోకుండా తిప్పొద్దు.

ఎల్బీనగర్_ఐసీయూ | 11:52
పొద్దున్నుంచి తాజా రక్తం లేదు. గులాబీ రంగు నురగ, రెండు నల్లటి గడ్డలు వచ్చాయి. కుడి ఊపిరితిత్తి బాగా కదులుతోంది, గుండె చుట్టూ ఏమీ లేదు. పీప్ 8 చేశాం. తిప్పుతున్నాం.

మలక్‌పేట_సిస్టర్ | 11:55
సార్, తిప్పే ముందు నోరు, ట్యూబు రెండూ సక్షన్ చేయించండి. ఐదుగురు కావాలి. తల, ట్యూబు పట్టుకునేవాళ్లు ఇంకేమీ ముట్టుకోకూడదు, తిప్పమని లెక్కపెట్టేది వాళ్లే. ఒకరు ఐసీడీకే. బాటిల్ మంచం మీదుగా అటు నుంచి ఇటు దాటించొద్దు, ఆ ఒక్క క్షణంలో నీళ్లు వెనక్కి ఛాతీలోకి పోతాయి. క్లాంప్ కూడా పెట్టొద్దు. బాటిల్ నేల దగ్గరే ఉంచి గొట్టానికి వదులు ఇచ్చి మనిషిని తిప్పండి. గొట్టం కిందికి వేలాడి యూ ఆకారంలో వంగితే అక్కడ రక్తం నిలిచి డ్రైనేజి ఆగిపోతుంది. పరుపు మీద అడ్డంగా పరిచి టేపు వెయ్యండి. తిప్పాక పళ్ల దగ్గర ట్యూబు నెంబరు మళ్లీ చదివి షీటులో రాయండి.

ఉప్పల్_పీజీ | బుధవారం 12:08
ప్రోన్ చేస్తే (బోర్లా పడుకోబెడితే) సరిపోదా? పీఓ2 ఇంత తక్కువుంటే ప్రోనే కదా చెప్తారు.

పంజాగుట్ట_క్రిటికల్ | 12:15
రెండు పక్కలా పాడైనప్పుడు ప్రోన్‌కు గట్టి ఆధారం ఉంది. ఇక్కడ జబ్బు వెనకా ముందూ కాదు, ఎడమా కుడీ. కాబట్టి ముందు పక్కకు. రేపు కుడి కూడా మసకబారితే ప్రోన్ ఆలోచించవచ్చు.

ఎల్బీనగర్_ఐసీయూ | 12:31
కుడి పక్కన 25 నిమిషాలు. పీప్ 8, ఆక్సిజన్ 100. పీఓ2 58 నుంచి 83. పై బీపీ 112. ప్లాటో 25. అందరికీ ధన్యవాదాలు. కానీ 100 శాతం మీద 83 అంటే ధైర్యంగా లేదు.

ఉస్మాన్‌గంజ్_థొరాసిక్ | 12:40
తెల్లగా కనిపించేదంతా ఊపిరితిత్తి కంట్యూజనే (దెబ్బకు లోపల నెత్తురు కమ్మడం) అనుకోవద్దు. వచ్చినప్పుడు ఎక్స్‌రే బాగుండి తర్వాత తెల్లబడటం కంట్యూజన్ లక్షణమే, 24 నుంచి 72 గంటల మధ్య శిఖరానికి పోతుంది. కానీ ఛాతీలో గడ్డకట్టిన రక్తమూ అలాగే కనిపిస్తుంది. 600 వచ్చి ఒక్కసారిగా 20కి తగ్గిందంటే రక్తస్రావం ఆగి ఉండొచ్చు, గొట్టం మూసుకుపోయి ఉండొచ్చు. బాటిల్లో నీటిమట్టం శ్వాసతో పాటు ఊగుతోందా? ఊగకపోతే గొట్టం పని చేయడం లేదు. అల్ట్రాసౌండులో ఎడమ అడుగున చూడండి.

పెట్టగానే 1500 మి.లీ. రావడం, లేదా 2 నుంచి 4 గంటల పాటు గంటకు 200 చొప్పున రావడం, ఈ రెంటిలో ఏదైనా అయితే ఛాతీ తెరవాల్సిందే. మీరు దానికి దూరంగానే ఉన్నారు.

బేగంపేట_బ్రాంకో | 12:52
ఈ రాత్రే బ్రాంకోస్కోపీ (శ్వాసనాళాల్లోకి కెమెరా గొట్టం పెట్టి చూడటం) చెయ్యండి. గడ్డ ఒక్కటి ఎడమ ప్రధాన శ్వాసనాళానికి అడ్డం పడితే కంట్యూజన్ తక్కువున్నా ఊపిరితిత్తి మొత్తం తెల్లబడుతుంది. ట్యూబు 8.0 అయితే స్కోపు పక్కనుంచి గాలి ఆడుతుంది, 7.0 అయితే ప్లాటో అలారాలు మోగుతూనే ఉంటాయి. ఒక్కో దఫా స్కోపు లోపల ఉండేది నిమిషం లోపే, బయటికి తీసి సాచురేషన్ కోలుకున్నాక మళ్లీ. 10 మి.లీ. చొప్పున సెలైన్ వేసి లాగండి. శ్వాసనాళం గోడకు గట్టిగా అంటుకున్న గడ్డను పీకొద్దు, దాని కిందే చిల్లు ఉండొచ్చు.

చిల్లు కోసం కెరైనా (శ్వాసనాళం రెండుగా చీలే చోటు) చుట్టుపక్కల 2.5 సెం.మీ. జాగ్రత్తగా చూడండి, మొద్దుదెబ్బకు శ్వాసనాళం చిరిగేది ఎక్కువగా అక్కడే. ఐసీడీలో బుడగలు ఆగకపోవడం, గొట్టం వేసినా ఊపిరితిత్తి విచ్చుకోకపోవడం, మెడ దాకా చర్మం కింద గాలి కరకరమనడం ఉంటే అనుమానం బలపడుతుంది.

ఉప్పల్_పీజీ | 1:05
స్టెరాయిడ్, లాసిక్స్ (మూత్రం పోయించే మందు), ట్రానెక్సామిక్ (రక్తస్రావం తగ్గించే మందు) ఇవ్వొచ్చా? మా దగ్గర మూడూ అలవాటుగా రాసేస్తారు.

పంజాగుట్ట_క్రిటికల్ | 1:14
స్టెరాయిడ్ వద్దు, కంట్యూజన్‌కు మేలు చేయదు, చీము పట్టే భయం పెంచుతుంది. లాసిక్స్ ఒంట్లో నీరు ఎక్కువైందని తేలితేనే. మనిషిని ఎండబెట్టడం వైద్యం కాదు. బీపీ, మూత్రం సరిపోయేంత ద్రవం ఇవ్వండి, అంతకు మించి పొయ్యొద్దు. ట్రానెక్సామిక్ దెబ్బ తగిలిన 3 గంటల్లోపు, 10 నిమిషాల్లో 1 గ్రాము, తర్వాత 8 గంటల్లో ఇంకో గ్రాము. ఆ గడువు ఎప్పుడో దాటింది. కంట్యూజన్ ఉందని ముందుగానే యాంటీబయాటిక్ మొదలుపెట్టడం కూడా అనవసరం.

ఎల్బీనగర్_ఐసీయూ | బుధవారం ఉదయం 6:10
బ్రాంకోస్కోపీలో ఎడమ కింది లోబులోంచి రెండు గడ్డలు తీశాం, చిల్లు కనబడలేదు. పీఓ2 96 అయింది. 3 గంటలకు ఎడమలోంచి తాజా రక్తం మొదలై కుడికి దాటింది, పీఓ2 61. వెంటనే ఎడమ కిందికి తిప్పాం. అనస్థీషియా మేడమ్ 37 ఫ్రెంచ్ ఎడమ డబుల్ ల్యూమెన్ ట్యూబు (రెండు ఊపిరితిత్తులకూ వేర్వేరు దారులున్నది) వేశారు. రక్తస్రావం ఇప్పుడు నిలిచింది. రెండో వెంటిలేటర్ తెప్పించాం. ఒక్కో పక్కకు ఏ సెట్టింగులు పెట్టాలి?

పంజాగుట్ట_క్రిటికల్ | 6:25
మంచి నిర్ణయం. ఒక పక్క రక్తం రెండో పక్కకు దాటడం, ఏం చేసినా షంట్ తగ్గకపోవడం, రెండు వెంటిలేటర్లకు సరైన కారణాలు ఇవే.

172 సెం.మీ.కి లెక్క బరువు 68 కిలోలు. కుడికి కిలోకు 4 చొప్పున 270 మి.లీ., పీప్ 5. ఎడమకు కిలోకు 2 చొప్పున 130 నుంచి 140, పీప్ 12. రేటు రెంటికీ 20. ఏ పక్కా ప్లాటో 28 దాటకూడదు. అంటే నిమిషానికి 8 లీటర్ల చిల్లర, నిన్నటి 9.8 కంటే తక్కువ. కార్బన్ డయాక్సైడ్ కొంచెం పెరుగుతుంది, పెరగనివ్వండి. పీహెచ్ 7.25 పైన ఉంటే చాలు. తలకు దెబ్బ లేదు కాబట్టే ఈ మాట అంటున్నాను. తలకు దెబ్బ ఉంటే ఈ వెసులుబాటు ఉండదు.

ఎడమ పీప్ 2 చొప్పున పెంచుతూ ప్రతిసారీ ఎడమ కంప్లయన్స్ (ఊపిరితిత్తి ఎంత సులువుగా సాగుతుందో చెప్పే అంకె) రాయండి. పెరిగితే తెరుచుకుంటోంది. తగ్గితే ఒక మెట్టు వెనక్కి రండి. ఎడమ ఐసీడీలో బుడగలు మొదలైతే లెక్క తిరగబడుతుంది: ఆ పక్క పీప్, టైడల్ రెండూ తగ్గించాలి, డ్రెయినుకు సక్షన్ తీసెయ్యాలి.

తార్నాక_అనస్థీషియా | 6:40
ట్యూబు లోతు: 170 సెం.మీ. ఎత్తుకు పళ్ల దగ్గర 29, ప్రతి 10 సెం.మీ.కు ఒకటి అటూ ఇటూ. ఇది ఊహ మాత్రమే, సన్నటి స్కోపుతో చూస్తేనే ఖాయం. ట్రేకియా దారిలోంచి చూస్తే కెరైనా కింద నీలం కఫ్ (ఎడమ నాళంలో ట్యూబు చుట్టూ ఉబ్బే బుడగ) పై అంచు చంద్రవంకలా కొంచెం కనబడాలి. మొత్తం కనిపించినా తప్పే, అసలు కనబడకపోయినా తప్పే. నీలం కఫ్‌కు సాధారణంగా 1, 2 మి.లీ. చాలు, 3 దాటొద్దు. ఆ కఫ్ పక్కన 3 మి.లీ. సిరంజే పెట్టండి, 10 మి.లీ. సిరంజి చేతికొస్తే బొటనవేలు ఆగదు.

పక్క మార్చిన ప్రతిసారీ మళ్లీ స్కోపు. తల వంచితే ట్యూబు లోపలికి, ఎత్తితే బయటికి జరుగుతుంది, సెంటీమీటరు చాలు అంతా తారుమారు కావడానికి. అట్రాక్యూరియం (కండరాలు కదలకుండా చేసే మందు) నడపండి. ఒక్క దగ్గుతో ఈ ట్యూబు జరిగిపోతుంది.

ఉప్పల్_పీజీ | 6:52
దెబ్బతిన్నది ఎడమ కదా, ఎడమ ట్యూబు ఎందుకు? కుడిది వెయ్యాలేమో?

తార్నాక_అనస్థీషియా | 7:01
కుడి ప్రధాన నాళం పొట్టిది. కెరైనా నుంచి 2 సెం.మీ. లోపే పై లోబు దారి వచ్చేస్తుంది. కుడి ట్యూబు కొంచెం జరిగినా మంచి ఊపిరితిత్తి పై లోబు మూసుకుపోతుంది. ఎడమ నాళం 5 సెం.మీ. దాకా ఉంటుంది, తప్పుకు చోటుంది. ఎడమ నాళమే చిరిగి ఉంటే మాత్రం అందులోకి ట్యూబు తొయ్యకూడదు. ఇక్కడ బ్రాంకోస్కోపీ ముందే జరిగింది కాబట్టి నిశ్చింత.

ఆర్‌టీ_కూకట్‌పల్లి | 7:20
రెండు మెషీన్లు పెట్టేటప్పుడు జరిగే తప్పులు చెప్తా. ఒకటి, ఎవరో ఎడమ అలారం మోగితే కుడి మెషీన్ నాబు తిప్పుతారు. ఎడమ మెషీన్, దాని గొట్టం, నీలం ల్యూమెన్ మూడిటికీ నీలం టేపు, కుడి మూడిటికీ తెల్ల టేపు. తెర మీద కూడా పెద్ద అక్షరాల్లో ఎడమ, కుడి అని అంటించండి. రెండు, రెండు మెషీన్లూ ఒకే ప్లగ్గు బోర్డుకు. వద్దు, వేర్వేరు యూపీఎస్ సాకెట్లు, వేర్వేరు ఆక్సిజన్ అవుట్‌లెట్లు. మూడు, పాత అలారం హద్దులు వదిలేస్తారు. ఎడమకు 130 మాత్రమే పోతుంది కాబట్టి తక్కువ వాల్యూమ్ అలారం 90 దగ్గర పెట్టండి. రెండిటి శ్వాసలు ఒకేసారి పడకపోయినా పర్లేదు, దాని కోసం తంటాలు పడొద్దు.

కార్బన్ డయాక్సైడ్ సెన్సర్లు రెండు దొరికితే రెండు పెట్టండి. ఎడమ గ్రాఫు ఒక్కసారి చదునైతే గడ్డ అడ్డం పడిందన్నమాట.

మలక్‌పేట_సిస్టర్ | 7:31
సక్షన్ కాథెటరు 10 ఫ్రెంచ్ పొడవుది తీసుకోండి. మామూలుది డబుల్ ల్యూమెన్ చివరిదాకా అందదు, సక్షన్ చేశామనుకుంటాం, గడ్డ అక్కడే ఉంటుంది. ఎడమకు వాడిన కాథెటరు కుడిలో పెట్టొద్దు. రెండు గంటలకోసారి, రెండు పక్కలా ఏం వచ్చిందో విడివిడిగా రాయండి.

గచ్చిబౌలి_ఎక్మో | 9:15
రెండు వెంటిలేటర్లతో కుస్తీ ఎందుకు, ఎక్మోకు పంపండి. పీఓ2ను ఆక్సిజన్ వంతుతో భాగిస్తే 80 లోపు 6 గంటలు, లేదా 50 లోపు 3 గంటలు ఉంటే వీవీ ఎక్మో (సిరలోంచి తీసి సిరలోకే ఎక్కించేది) ఆలోచించాలి. రక్తస్రావం భయం చెప్పొద్దు, ఫ్లో 4, 5 లీటర్లు ఉంటే కొన్ని రోజులు హెపారిన్ (రక్తం గడ్డకట్టనివ్వని మందు) లేకుండా నడుస్తుంది.

పంజాగుట్ట_క్రిటికల్ | 9:28
హద్దులతో పేచీ లేదు. కానీ ఇతను 61 దగ్గర ఉన్నది డబుల్ ల్యూమెన్ వేసేలోపే. ఇప్పుడు ఎంతుందో చూసి మాట్లాడదాం. పైగా అంబులెన్సులో రెండు వెంటిలేటర్లు నడవవు. పంపాల్సి వస్తే మీ టీమే ఇక్కడికొచ్చి కాన్యులాలు (ఎక్మో గొట్టాలు) వేసి తీసుకెళ్లడం మేలు.

నాంపల్లి_రాత్రిడ్యూటీ | 9:36
ఎవ్వరు తీస్కపోయినా సిలిండర్ లెక్క చూస్కోవాలె. బీ టైపుల 1500 లీటర్లు. మనిషికి 9, మెషీనుకు 3, నిమిషానికి 12. రెండు గంటలు వస్తది. దారి 45 నిమిషాలే గని ఎక్కిచ్చుడు, దించుడు, లిఫ్టు, ట్రాఫిక్ ఉంటయి. రెండు నిండు సిలిండర్లు లేకుంట కదలొద్దు.

గచ్చిబౌలి_ఎక్మో | 9:44
ఒప్పుకుంటున్నా. టీమును సిద్ధంగా ఉంచమని చెప్తా. మధ్యాహ్నం 12 ఏబీజీ పెట్టండి.

ఎల్బీనగర్_ఐసీయూ | 12:20
కుడి ఆక్సిజన్ 70, ఎడమ 100. పీఓ2 118, పీహెచ్ 7.29. కంప్లయన్స్ కుడి 24, ఎడమ 9. ఎక్మో టీము ఎదురుచూస్తామన్నారు, ప్రస్తుతానికి పంపడం లేదు.

తార్నాక_అనస్థీషియా | 12:45
నొప్పి సంగతి ఇప్పుడే చూడండి. మత్తులో ఉన్నాడు కదా అని వాయిదా వేస్తే, మత్తు తీసిన రోజు శ్వాస పైపైన ఆడి, దగ్గలేక, ఎడమ మళ్లీ మూసుకుపోతుంది. ఎరెక్టర్ స్పైనీ కాథెటరు (వెన్ను పక్క కండరం కింద మొద్దుబార్చే మందు పంపే సన్న గొట్టం) ఛాతీ భాగంలోని 5వ వెన్నుపూస దగ్గర పెట్టి 0.2 శాతం రోపివకైన్ 20 మి.లీ. బోలస్, తర్వాత పంపు. ఎపిడ్యూరల్ (వెన్నులో వెన్నుపాము పొర బయట మందు ఇవ్వడం) ఇంకా బాగా పని చేస్తుంది, కానీ బీపీ ఊగుతున్నవాడికి ఈ పూట వద్దు. ఎనోక్సాపరిన్ (రక్తం గడ్డకట్టనివ్వని ఇంజెక్షన్) 40 మి.గ్రా. మొదలుపెట్టి ఉంటే చివరి డోసు నుంచి 12 గంటలు ఆగండి. పారాసిటమాల్ 1 గ్రాము 6 గంటలకోసారి.

ఎల్బీనగర్_ఐసీయూ | శుక్రవారం రాత్రి 8:05
రక్తస్రావం మళ్లీ రాలేదు. ఎడమ కంప్లయన్స్ 22, కుడి 26. టైడల్ ఎడమ 220, కుడి 270. ఆక్సిజన్ రెండు పక్కలా 50. రెండు పక్కల తేడా టైడల్‌లో 100 మి.లీ. లోపు, కంప్లయన్స్‌లో 20 శాతం లోపు ఉంటే మామూలు ట్యూబుకు మార్చొచ్చు కదా? ఈ రాత్రే మార్చాలనుకుంటున్నాం.

తార్నాక_అనస్థీషియా | 8:18
లెక్క సరిపోయింది. కానీ నేరుగా మార్చొద్దు. డబుల్ ల్యూమెన్ అలాగే ఉంచి వై కనెక్టరుతో రెండు దారులూ ఒకే మెషీనుకు కలిపి కొన్ని గంటలు చూడండి. పీఓ2 నిలబడితే అప్పుడు 11 ఫ్రెంచ్, 100 సెం.మీ. ఎక్స్ఛేంజ్ కాథెటరు (ట్యూబు మార్చేటప్పుడు దారి పట్టి ఉంచే సన్న కడ్డీ) మీదుగా, వీడియో లారింగోస్కోపుతో చూస్తూ 8.0 వెయ్యండి. నాలుగు రోజుల వాపు ఉంటుంది, గుడ్డిగా తోస్తే ఇరుక్కుంటుంది. కాథెటరు కొసను కెరైనా దాటించొద్దు, ఊపిరితిత్తికి చిల్లు పడుతుంది.

ఉస్మాన్‌గంజ్_థొరాసిక్ | 8:24
మార్చే ముందు ఒక్క మాట. ఎడమ అడుగున అల్ట్రాసౌండ్ చూశారా?

ఎల్బీనగర్_ఐసీయూ | 8:47
ఇప్పుడే చూశాం. అడుగున 3 సెం.మీ. మందాన గడ్డకట్టిన రక్తం ఉంది. ఐసీడీలో రోజుకు 30 మి.లీ. కూడా రావడం లేదు.

ఉస్మాన్‌గంజ్_థొరాసిక్ | 8:55
అయితే ట్యూబు ముట్టుకోవద్దు. ఇంకో గొట్టం వేసినా గడ్డ రాదు, వదిలేస్తే చీము పడుతుంది, లేదా గట్టి పొర కట్టి ఊపిరితిత్తిని బిగించేస్తుంది. వ్యాట్స్‌తో (చిన్న కోతలతో కెమెరా పెట్టి చేసే ఛాతీ ఆపరేషన్) కడిగెయ్యడానికి 3 నుంచి 7 రోజుల మధ్య మంచి సమయం, మీరిప్పుడు అందులోనే ఉన్నారు. వ్యాట్స్‌కు ఒక ఊపిరితిత్తి ఆపాలి, అంటే ఈ డబుల్ ల్యూమెనే కావాలి. ఈ రాత్రి తీసేస్తే రేపు వాచిన గొంతులో మళ్లీ వెయ్యాలి. రేపు థియేటరులోనే గడ్డ కడిగి, 4, 5, 6 పక్కటెముకలకు ప్లేట్లు వేసి, బల్ల దిగేముందు 8.0 మార్చుకోండి. ఎడమ ఆపితే కుడి ఒక్కటే మనిషిని మొయ్యగలదా అని ఈ రాత్రే 10 నిమిషాలు పరీక్షించి ఏబీజీ తీయండి.

ఎల్బీనగర్_ఐసీయూ | 10:30
ఎడమ ఆపి 10 నిమిషాలు, కుడికి 100 శాతం: పీఓ2 132, బీపీ కదల్లేదు. రేపు ఉదయం 9కి థియేటరు.

మలక్‌పేట_సిస్టర్ | 10:41
లిఫ్టులో బాటిల్ మంచం మీద పెట్టకుండా కింద కొక్కేనికే తగిలించండి సార్. రెండు క్లాంపులు గొట్టం ఊడితే వాడటానికి జేబులో ఉండాలి, గొట్టం మీద కాదు.